వీధి చివరి చైనీస్‌లో 150 రూపాయలకి బాగా తినడం ఎలా

సాయంత్రం ఆరింటికి షట్టర్ ఎత్తి, ముందు పొయ్యి, వెనక నాలుగు బల్లలు వేసుకునే ఫాస్ట్‌ఫుడ్‌ల గురించి రాస్తున్నా. నెల్లూరులో బాలాజీనగర్ వెళ్లండి, వేదాయపాళెం వెళ్లండి, మినీ బైపాస్ మీద వెళ్లండి, ఒకటైనా తగులుతుంది. బోర్డు మీద డ్రాగన్ బొమ్మ, దాని పక్కనే కోడి బొమ్మ, లోపల గల్లాపెట్టె మీద వెంకటేశ్వర స్వామి పటం. చైనీస్ అంటారు, బిర్యానీ కూడా ఉంటుంది. 150 రూపాయల్లోపు ఒక మనిషి కడుపు నిండా తిని లేవగలిగితే అది ఈ లెక్కలోకి వచ్చినట్టే. కావలిలో అయినా, ఒంగోలు కర్నూలు రోడ్డులో అయినా పద్ధతి ఇదే.

ఇక్కడ మొదట చెయ్యాల్సింది మెనూ కార్డు పక్కన పెట్టెయ్యడం. కార్డులో ఎనభై పేర్లు ఉంటాయి, కానీ వండేది ఒక్క మాస్టరు, ఉండేది ఒక పెద్ద బర్నరు, మహా అయితే రెండు. ఆ ఎనభై పేర్లూ ఆ ఒక్క కడాయిలోంచే రావాలి. అందుకని ఆ పూట ఆ మాస్టరు చేతిలో ఏది బాగా తిరుగుతోందో కనిపెట్టి, అదే చెప్పి, దింపిన వెంటనే అక్కడే కూర్చుని తినాలి. ఈ ఒక్కటి పట్టుకుంటే మిగతావన్నీ వాటంతట అవే వస్తాయి.

టైము

ఏడు నుంచి ఎనిమిదిన్నర మధ్య వెళ్లండి. ఆరింటికి వెళితే ఇంకా క్యాబేజీ తరుగుతుంటారు, నూనె కాగి ఉండదు, మొదటి ప్లేటు మీ మీదే ట్రయల్ వేస్తారు. తొమ్మిది దాటాక పార్సిల్ వాళ్లు, స్విగ్గీ కుర్రాళ్లు, డ్యూటీ దిగినవాళ్లు ఒకేసారి మీద పడతారు, అప్పుడు మాస్టరు రుచి చూడడం మానేసి సంఖ్య చూసుకుంటాడు. పదకొండు దాటాక మాత్రం రైస్ జోలికి అసలు పోవద్దు, ఎందుకో కాస్త వివరంగా చెబుతా.

వేడన్నంతో ఫ్రైడ్ రైస్ రాదు, ముద్దయిపోతుంది. అందుకని ఏ మాస్టరైనా మధ్యాహ్నమే అన్నం వార్చి, కాస్త నూనె రాసి ఆరబెట్టుకుంటాడు. అది పద్ధతే, అందులో తప్పేం లేదు. తేడా వచ్చేది తర్వాత. ఆ అన్నం వెడల్పు పళ్లెంలో పరిచి చల్లార్చారా, ఫ్రిజ్‌లో పెట్టారా, లేక పెద్ద బేసిన్‌లో గుట్టగా పోసి పొయ్యి పక్కనే వదిలేశారా? బాసిల్లస్ సీరియస్ అని ఒక బ్యాక్టీరియా ఉంది, దాని బీజాలు బియ్యంలోనే ఉంటాయి, ఉడికించినా చావవు. అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే అవి మొలిచి, పెరిగి, ఒక విషాన్ని వదులుతాయి, ఆ విషం మళ్లీ ఎంత పెద్ద మంట మీద వేయించినా పోదు. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లోపు వాంతులు మొదలవుతాయి. ఫ్రైడ్ రైస్ సిండ్రోమ్ అని దీనికి పేరే ఉంది. మనది రోహిణి కార్తెలో రాత్రి పదింటికి కూడా గోడలు సెగలు కక్కే ఊరు కాబట్టి ఎండాకాలం ఇంకాస్త జాగ్రత్త. ఆలస్యంగా వెళ్లాల్సి వస్తే ఆమ్లెట్ వేయించుకోండి, ప్రాణానికి హాయి.

రోజు సంగతి కూడా ఉంది. ఆదివారం చికెన్ జోరుగా పోతుంది కాబట్టి ముక్క తాజాగా ఉంటుంది, కానీ రద్దీ. శనివారాలు, కార్తీక సోమవారాలు నీసు ముట్టనివాళ్లు ఎక్కువ, చికెన్ కదలదు, ముందు రోజు వేయించి పెట్టిన ముక్కే మళ్లీ నూనెలో మునిగి మీ ప్లేట్లోకి రావచ్చు. ఆ రోజుల్లో నేనైతే గుడ్డుతో సరిపెట్టుకుంటా.

కూర్చునే ముందు ఐదు నిమిషాలు పొయ్యి దగ్గర నిలబడండి

ఈ చిన్న చోట్లలో ఉన్న సుఖం ఇదే, వంట మన కళ్ల ముందే జరుగుతుంది. పెద్ద హోటల్లో కిచెన్లోకి పోనివ్వరు, ఇక్కడ కిచెనే రోడ్డు మీద ఉంటుంది. ఫోన్ మాట్లాడుతున్నట్టు నిలబడి చూడండి, ఎవరూ ఏమీ అనుకోరు.

చూడాల్సింది ముందుగా కడాయి. ఒక ఆర్డరు దింపాక మాస్టరు ఒక గరిటెడు నీళ్లు పోసి, బ్రష్షుతోనో పుల్లల కుంచెతోనో గీకి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ కడాయి పొగలు వచ్చేదాకా కాల్చి అప్పుడు నూనె వేస్తున్నాడా? అయితే కుర్చీ లాక్కోండి. కడగకుండా పాత మాడు మీదే వేసుకుంటూ పోతుంటే మీ నూడుల్స్‌లో నలకలు, ఒక రకమైన చేదు ఖాయం.

తర్వాత వేపుడు నూనె. మంచూరియా ఉండలు, చికెన్ ముక్కలు వేయించే మూకుడు వేరుగా ఉంటుంది. నూనె టీ డికాక్షన్ రంగులో ఉంటే పర్లేదు. నల్లగా, చిక్కగా అయిపోయి, ముక్క వెయ్యగానే నురగ పొంగి, కళ్లు మండే పొగ వస్తుంటే ఆ పూట వేపుడు ఏదీ చెప్పొద్దు. మరిగించిన నూనెలో పోలార్ కాంపౌండ్స్ (నూనె మళ్లీ మళ్లీ కాగితే పుట్టే చెడు పదార్థాలు) 25 శాతం దాటితే వాడకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ (తిండి భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) రూలు 2018 జులై నుంచి అమల్లో ఉంది. మన దగ్గర కొలిచే మీటర్ ఉండదు కాబట్టి కన్నూ ముక్కే మీటరు.

మంట శబ్దం వినండి. పెద్ద బర్నరు గుయ్‌మని అరుస్తుండాలి, అన్నం పడగానే చర్రుమనాలి. పక్కన నీలం రంగు 19 కిలోల సిలిండర్, దానికి హై ప్రెషర్ రెగ్యులేటర్ ఉంటే ఆ మంట వస్తుంది. ఇంట్లో వాడే ఎర్ర సిలిండర్ పెట్టి నడిపిస్తుంటే అది చట్టానికి విరుద్ధమన్న సంగతి అలా ఉంచండి, నా అనుమానం వేరే. అక్కడ తప్పించుకుంటున్నవాడు చికెన్ దగ్గర ఎందుకు తప్పించుకోడు?

ఎఫ్ఎస్ఎస్ఏఐ కాగితం గోడకి ఉందా, 14 అంకెల నంబరు కనిపిస్తోందా అని ఒక చూపు వెయ్యండి. ఉన్నంత మాత్రాన రుచి గ్యారంటీ కాదు, లేకపోతే మాత్రం ఆలోచించాల్సిందే.

ఏం చెప్పాలి

కొత్త చోటికి మొదటిసారి వెళితే ఎగ్ రైస్ చెప్పండి. అందులో దాచడానికి ఏమీ ఉండదు. గుడ్డు వేరుగా పూలు పూలుగా వేగి కనబడాలి, అన్నానికి జిగురులా అంటుకుపోకూడదు. మెతుకు మెతుకు విడివిడిగా ఉండాలి, ఉల్లికాడ పైన పచ్చగా ఉండాలి, తినేశాక ప్లేట్లో నూనె మడుగు మిగలకూడదు. అన్నం సోయా సాస్‌తో కాఫీ రంగుకి తిరిగిందంటే అన్నంలో ఏదో లోపం కప్పిపుచ్చుతున్నాడని నేను అనుకుంటా. మొలగొలుకుల బియ్యం తిన్న ఊరు మనది, అన్నం ఎలా ఉందో మనకి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు కదా. ఎగ్ రైస్ బాగుంటే రెండోసారి ఇంకేదైనా ధైర్యంగా చెప్పొచ్చు, అదే బాగోలేకపోతే ఆ మాస్టరు చేతిలో షెజ్వాన్ చికెన్ బాగుంటుందని ఆశపడడం అనవసరం.

నూడుల్స్ కూడా ముందే ఉడికించి నూనె కలిపి పెడతారు. వేళ్ల మధ్య పట్టుకుంటే తెగాలి కానీ పిండిలా నలగకూడదు. క్యాబేజీ, క్యారెట్ కాస్త కరకరమంటూ ఉంటే మంట సరిపోయినట్టు, మెత్తబడి నీరు కారిందంటే ఒకేసారి మరీ ఎక్కువ ప్లేట్లు వేసినట్టు. ఇక్కడ ఒక చిట్కా. నలుగురు వెళ్లి నాలుగు చికెన్ నూడుల్స్ చెబితే మాస్టరు నాలుగూ ఒకే కడాయిలో కుమ్మేస్తాడు, అప్పుడు వేగవు, ఉడుకుతాయి. "అన్నా, రెండు రెండుగా వెయ్యన్నా, మాకేం తొందర లేదు" అని చెప్పండి. ఆ ఒక్క మాటకి ప్లేటు రుచే మారిపోతుంది, పైసా ఖర్చు లేదు.

మంచూరియా సంగతికొస్తే, ముంబయి క్రికెట్ క్లబ్‌లో నెల్సన్ వాంగ్ అనే కలకత్తా చైనా వంటాయన 1975లో చికెన్ మంచూరియా మొదలుపెట్టాడని చెబుతారు. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి మనవే వేసి, గరం మసాలా వెయ్యాల్సిన చోట సోయా సాస్ పోసి, కార్న్‌ఫ్లోర్‌తో చిక్కపరిచాడట. ఇది తెలిస్తే ఏం లాభం అంటారా, ఉంది. మంచూరియా బాగుందా లేదా అన్నది అల్లం వెల్లుల్లి పచ్చిమిర్చి సన్నగా తరిగి అప్పటికప్పుడు వేయించారా లేదా అన్నదాని మీదే ఉంటుంది. డబ్బాలో ఉన్న పేస్టు గరిటెతో వేస్తే సాస్ రుచి తప్ప ఇంకేం తెలియదు. పొయ్యి పక్కన గిన్నెల్లో తరిగిన వెల్లుల్లి కనిపిస్తోందేమో చూడండి.

వెట్ కాకుండా డ్రై చెప్పండి. ఉండలు పొద్దున్న వేయించినవా, నిన్నటివా అన్నది గ్రేవీలో నానితే తెలియదు, డ్రైలో మొదటి ముక్కకే తెలిసిపోతుంది. పైన కరకర, లోపల క్యాబేజీ తడి ఉండాలి. లోపల మైదా ముద్ద తగిలితే వాడు కూరగాయ మిగుల్చుకున్నట్టే.

చికెన్ దగ్గర నేను కాస్త పట్టింపు మనిషిని. ముక్కలు ముందే కలిపి, సగం వేయించి పెట్టేస్తారు కాబట్టి "రంగు వద్దన్నా" అని మీరు ఆర్డరప్పుడు చెప్పినా లాభం లేదు, అది ముక్కలో ఎక్కి కూర్చుంది. వేలికి అంటుకుని కడిగినా పోని ఎరుపు మిరపకాయ ఇవ్వదు. కర్ణాటకలో 2024 మార్చిలో గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు నిషేధించారు, జూన్‌లో కబాబ్‌లకి కూడా పెట్టారు. మన దగ్గర అంత ఎర్రగా కనిపిస్తే పెప్పర్ చికెన్ లాంటివి ఉన్నాయా అని అడగండి, వాటికి రంగుతో పనిలేదు. లేకపోతే చికెన్ రైసే చెప్పండి, చాలా చోట్ల అందులో వేసేది కూడా ఆ ఎర్ర ముక్కే అనుకోండి, కానీ తక్కువ ఉంటుంది. చికెన్ 65 మాత్రం చైనీస్ లిస్టులో ఉన్నా అది పక్కనున్న మద్రాసు సరుకు, 1965లో అక్కడి బుహారీ హోటల్లో పుట్టిందంటారు, మన మాస్టర్లు దాన్ని కరివేపాకు వేసి బాగానే చేస్తారు.

రొయ్యలు. చుట్టూ రొయ్యల చెరువులు పెట్టుకుని రొయ్య గురించి నెల్లూరు వాళ్లకి చెప్పడం ఏంటంటారు, నిజమే. అయినా ఈ చౌక చోట్ల ప్రాన్స్ రైస్‌లో వచ్చే రొయ్య చిన్నది, రోజుకి రెండు మూడు ప్లేట్లు పోతే ఎక్కువ, మిగతాది మర్నాటికి. ఎవరైనా తింటూ కనిపిస్తేనే చెప్పండి. వచ్చాక వీపు మీద నల్ల నరం తీశారా చూడండి, ముక్క మరీ ఉంగరంలా ముడుచుకుపోతే ఎక్కువ వేగి రబ్బరైనట్టు. ఇంట్లో రొయ్యల వేపుడు తినే అదృష్టం ఉన్నవాళ్లు ఇక్కడ రొయ్య మీద డబ్బు పెట్టక్కర్లేదని నా ఉద్దేశం.

కార్డు చివరి పేజీలో ఉండే అమెరికన్ చాప్‌సూయ్, హాంకాంగ్ చికెన్, డ్రాగన్ ఏదో ఒకటి, వాటిని వదిలెయ్యండి. అవి అడిగేవాళ్లు ఉండరు, అడిగితే మాస్టరు మంచూరియా గ్రేవీలోనే ఇంకాస్త టమాటా సాస్ పోసి పంపిస్తాడు. సూప్ అయితే వాన పడే కార్తీక మార్గశిరాల్లో బాగుంటుంది, మిగతా రోజుల్లో కార్న్‌ఫ్లోర్ నీళ్లకి అరవై రూపాయలెందుకు.

చెప్పేటప్పుడు

మాస్టరు చాలా చోట్ల నేపాల్ నుంచో బెంగాల్ నుంచో వచ్చినవాడు. తెలుగు అర్థమవుతుంది, కానీ పొయ్యి రొదలో పొడుగు వాక్యాలు వినపడవు. కారం తక్కువ, ఉప్పు తక్కువ, టేస్టింగ్ సాల్ట్ వద్దు, ఇలా ఒక్కో ముక్క చెప్పండి, అదీ కడాయి ఎక్కక ముందు. ఆర్డర్ రాసుకునే తమ్ముడికి చెప్పి వదిలెయ్యకుండా, వీలైతే మాస్టరుకి వినపడేట్టు ఇంకోసారి.

టేస్టింగ్ సాల్ట్ అంటే భయపడేవాళ్లు మన ఇళ్లలో చాలామంది. అజినమోటో అనేదీ ఇదే, అసలు పేరు మోనోసోడియం గ్లుటామేట్, జపాన్‌లో కికునే ఇకెదా అనే రసాయన శాస్త్రవేత్త 1908లో సముద్రపు నాచు రసంలోంచి కనిపెట్టాడు, టమాటాలో కూడా గ్లుటామేట్ సహజంగానే ఉంటుంది. చిటికెడు వేస్తే ఏమీ కాదు. అసలు లెక్క పెట్టాల్సింది ఉప్పు. సోయా సాస్‌లో ఉప్పే, చిల్లీ సాస్‌లో ఉప్పే, దాని మీద మామూలు ఉప్పు, ఆ పైన ఇది. బీపీ ఉన్న నాన్నని తీసుకెళితే "సోయా తగ్గించు, ఉప్పు వెయ్యొద్దు" అని చెప్పడం అజినమోటో వద్దనడం కన్నా ఎక్కువ పనికొస్తుంది.

వెజ్ వాళ్లకి ఒక మాట. వెజ్ మంచూరియా వేగేది చికెన్ వేగిన నూనెలోనే, వెజ్ రైస్ చేసే కడాయి నిమిషం క్రితం గుడ్డు చూసిందే. రోజూ పట్టించుకోని వాళ్లు సరే, అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు, నోములు పట్టినవాళ్లు వెజ్ అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మొద్దు, ప్యూర్ వెజ్ బండ్లు విడిగా ఉన్నాయి, అక్కడికి వెళ్లండి.

ఎంత చెప్పాలో కూడా చూసుకోండి. ఫుల్ రైస్ ఒకటి ఇద్దరికి చాలు. ముగ్గురు వెళితే ఒక రైస్, ఒక నూడుల్స్, ఒక డ్రై ఐటమ్, ఖాళీ ప్లేట్లు అడిగి పంచుకోండి. ముందు డ్రై ఐటమ్ చెప్పి, అది సగం అయ్యాక రైస్ చెప్పడం తెలివైన పని, లేకపోతే అన్నీ ఒకేసారి వచ్చి సగం చల్లారిపోతాయి. ఈ తిండికి ఆయుష్షు పది నిమిషాలే, వేడి పోతే రుచి కూడా పోయినట్టే.

తినేటప్పుడు, కట్టించుకునేటప్పుడు

ప్లేటు మీద పల్చటి ప్లాస్టిక్ కవర్ వేసి దాని మీద పొగలు కక్కే రైస్ పెడతారు. కవర్ తీయించి, ప్లేటు కడిగి పెట్టమనండి, పెడతారు. కోసిన ఉల్లిపాయ సాయంత్రం నుంచి అలాగే ఉంటే వాసన వేస్తుంది, వద్దనండి, నిమ్మ చెక్క మాత్రం అడిగి తీసుకోండి, మంచూరియా మీద పిండితే ఆ నూనె బరువు తగ్గుతుంది. బల్ల మీది సాస్ సీసాల మూతి చూసి నిర్ణయించుకోండి. నీళ్లు ఇంటి నుంచి తెచ్చుకుంటే గొడవే లేదు.

పార్సిల్ అయితే నూడుల్స్, రైస్ నయం, డ్రై మంచూరియా ఇంటికి వచ్చేసరికి చెమటపట్టి మెత్తబడుతుంది. డబ్బా మూత కాస్త తెరిచి ఉంచమనండి. గ్రేవీ విడిగా కట్టమనండి. వేపుడు ముక్కలు న్యూస్‌పేపర్లో చుడుతుంటే ఆపండి, ఆ సిరా ఒంటికి మంచిది కాదని ఎఫ్ఎస్ఎస్ఏఐ ఎప్పటి నుంచో చెబుతోంది, పేపర్లో తిండి చుట్టకూడదన్నది రూలే.

మిగిలితే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు బాగా పొగలు వచ్చేదాకా వేడి చేసి తినండి. రాత్రంతా బల్ల మీద ఉండిపోయిన రైస్ మాత్రం పిల్లల క్యారియర్లో కట్టకుండా చెత్తలో వెయ్యండి, డబ్బు పోయిందని బాధపడొద్దు.

బాగోలేకపోతే తినేసి వచ్చి స్నేహితులకి చెప్పుకోవడం కాదు, రెండు ముద్దల దగ్గరే ఆగి మాస్టరుకి చూపించండి. "వెల్లుల్లి మాడింది", "ముక్క లోపల ఎర్రగా ఉంది" అని ఏది తేడాగా ఉందో అదే చెబితే, గొంతు పెంచకపోతే, చాలామంది ఇంకో ప్లేటు వేసి ఇస్తారు. ముక్క పాచి వాసన వేస్తేనో, తిన్నాక ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వాంతులు పట్టుకుంటేనో అది వేరే విషయం, ముందు ఓఆర్‌ఎస్ తాగించండి, తగ్గకపోతే పొగతోటలో డాక్టర్ దగ్గరికి, ఆ తర్వాత ఎఫ్ఎస్ఎస్ఏఐ టోల్ ఫ్రీ 1800 112 100కి. బిల్లు ఇవ్వకపోయినా ఫోన్‌పేలో కట్టిన మెసేజ్ ఉంటుంది, అది డిలీట్ చెయ్యకండి.